ఒక బ్యాక్‌స్పేస్ తక్కువైతే

నేను రోజూ పదుల సంఖ్యలో ఉత్తరాలకు జవాబులు రాస్తాను. వాటిలో సగం వాక్యాలు నిన్న రాసినవే, మొన్న రాసినవే. అందుకే చాలా ఏళ్లుగా టెక్స్ట్ ఎక్స్‌పాండర్ వాడుతున్నాను. సెమికోలన్ పెట్టి రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, ఒక పేరా మొత్తం తెర మీదకు వస్తుంది. ఆ మధ్య బ్రౌజర్‌లో ఒక జవాబు ముగిస్తూ అలవాటుగా అలాంటి పొట్టిమాట ఒకటి కొట్టాను. రావలసిన పేరాకు బదులు, అంతకు పావుగంట ముందు వేరొకరి కోసం కాపీ చేసి పెట్టుకున్న ఖాతా వివరాలు వచ్చి అక్కడ కూర్చున్నాయి. చూపుడువేలు అప్పటికే పంపే బటన్ మీదకు చేరింది. పేరా ఉండాల్సిన దానికంటే పొట్టిగా కనిపించడంతో ఆగిపోయాను. లేకపోతే ఒకరి వివరాలు మరొకరికి చేరిపోయేవి.

ఇలాంటి గొడవ వచ్చినప్పుడు దొరికే సలహాలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయమంటారు, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేయమంటారు, ఎక్స్‌పాండర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారు, అప్పటికీ కుదరకపోతే ఎక్స్‌పాండర్ ఒక్కొక్క పనికీ మధ్య ఆగే వ్యవధిని, అంటే ఆలస్యం విలువను, పెంచమంటారు. నేనూ అన్నీ వరసగా చేశాను. రెండు రోజులు బాగానే గడిచి మూడో రోజు మళ్లీ అదే జరిగింది. ఆ సలహాల్లో ఏదీ అబద్ధం కాదు, కానీ అవి ఏ ప్రశ్నకు జవాబులో ఎవరూ చెప్పరు. బ్రౌజర్‌కూ ఎక్స్‌పాండర్‌కూ పడటం లేదని ఒక్క మాటలో అనుకున్నంత కాలం మందు దొరకదన్నది నా వాదన, ఎందుకంటే ఆ ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు గొడవలు ఉన్నాయి, ఒకదానికి పనికొచ్చే మందు ఇంకొకదాన్ని ముదరబెడుతుంది.

ఎక్స్‌పాండర్ నిజంగా ఏం చేస్తుందో ముందు చూడాలి. మీరు నొక్కే ప్రతి కీనీ అది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర నిలబడి వింటుంది. విండోస్‌లో కీబోర్డు హుక్ ద్వారా, అంటే కీలు వెళ్లే దారిలో తగిలించుకున్న చెవి ద్వారా, మాక్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి ద్వారా. విన్న అక్షరాల వరస తన జాబితాలోని పొట్టిమాటతో సరిపోలిన క్షణాన, ఆ పొట్టిమాటలో ఎన్ని అక్షరాలున్నాయో అన్నిసార్లు బ్యాక్‌స్పేస్ పంపుతుంది. ఆ తరువాత పూర్తి పాఠాన్ని అక్షరం అక్షరంగా కొడుతుంది, లేదా క్లిప్‌బోర్డులో పెట్టి కంట్రోల్-వి నొక్కినట్టు నటిస్తుంది. మామూలు పద్ధతిలో అది తెర మీద ఏముందో చూడదు. తాను చెరిపింది నిజంగా చెరిగిందా, పేస్ట్ చేసింది నిజంగా చేరిందా అని వెనుదిరిగి సరిచూసుకోదు. చీకటి గదిలో కూర్చుని, అవతల కాగితం ఉన్నదన్న నమ్మకంతో టైపు చేసే గుమాస్తా వంటిది అది. బ్రౌజర్ వైపు నుంచి చూస్తే, ఆ కీలు మీ వేళ్ల నుంచి వచ్చినవా, ప్రోగ్రాము నుంచి వచ్చినవా అన్న తేడా పేజీకి తెలియదు. పేజీని నడిపే కోడ్ అయిన జావాస్క్రిప్ట్‌కు అవి నిజమైన కీ నొక్కులుగానే కనిపిస్తాయి. కనుక వినడం దగ్గరైనా తప్పాలి, చెరపడం దగ్గరైనా తప్పాలి, రాయడం దగ్గరైనా తప్పాలి. ఎక్కడ తప్పిందన్నది తెర మీద మిగిలిన శిథిలాలను బట్టి చాలాసార్లు ఇట్టే చెప్పవచ్చు.

చెరపడం దగ్గర తప్పితే పొట్టిమాటలోని ఒకటి రెండు అక్షరాలు పూర్తి పాఠానికి ముందు మిగిలిపోతాయి. అడ్రసు బార్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది, దాని కారణం చాలా ముచ్చటైనది. మీరు రెండు అక్షరాలు కొట్టగానే, మీరు ఇదివరకు చూసిన సైట్లలో ఆ అక్షరాలతో మొదలయ్యేదాన్ని బ్రౌజర్ తానే పూర్తి చేసి, ఆ చేర్చిన భాగాన్ని ఎంపిక చేసి ఉంచుతుంది. ఇప్పుడు ఎక్స్‌పాండర్ పంపిన మొదటి బ్యాక్‌స్పేస్ మీరు కొట్టిన అక్షరాన్ని చెరపదు. బ్రౌజర్ చేర్చిన ఆ ఎంపిక చేసిన భాగాన్ని చెరుపుతుంది. లెక్క ప్రకారం నాలుగు బ్యాక్‌స్పేసులు వెళ్లాయి, నాలుగూ పనిచేశాయి, కానీ మీ అక్షరాల్లో చెరిగినవి మూడే. ఎవరి లెక్క తప్పూ లేదు. ఆ మిగిలిన ఒక్క అక్షరాన్ని చూసి జనం ఆలస్యం పెంచుతారు. ఇక్కడ ఆలస్యం పెంచడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, పైగా సూచన చూపించడానికి బ్రౌజర్‌కు మరింత వ్యవధి ఇచ్చినట్టవుతుంది. నిజమైన పరిష్కారం పొట్టిమాటను మార్చడమే. సెమికోలన్‌తో మొదలయ్యే వెబ్ చిరునామా ఏదీ మీ చరిత్రలో ఉండదు కనుక, ఖాళీ అడ్రసు బార్‌లో సెమికోలన్‌తో మొదలుపెట్టిన పొట్టిమాటకు బ్రౌజర్ పూర్తి చేయడానికి ఏమీ దొరకదు. మామూలు అక్షరాలతోనే మొదలయ్యే పొట్టిమాటలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ అడ్రసు బార్‌లో అవే కొంప ముంచుతాయి.

తెలుగులో టైపు చేసేవారికి ఈ చెరిపే లెక్క ఇంకా జటిలం. ఉచ్చారణ పద్ధతిలో మీరు ఇంగ్లీషు కీలు నొక్కుతుంటే, మధ్యలో ఉన్న ఇన్‌పుట్ పద్ధతి వాటిని కూర్చి తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. కీబోర్డు హుక్ ద్వారా వినే ఎక్స్‌పాండర్‌కు వినిపించేవి కీలు, తెర మీద ఉన్నవి అక్షరాలు. ‘క్ష’ అన్నది కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. బ్యాక్‌స్పేస్ వాటిలో ఒక్క సంకేతాన్ని చెరుపుతుందా, గుత్తి మొత్తాన్ని చెరుపుతుందా అన్నది ఎక్కడ టైపు చేస్తున్నామన్నదాన్ని బట్టి మారవచ్చు. ఇన్ని లెక్కలు పరస్పరం కలవాలంటే అదృష్టం కావాలి. నేను తెలుగు పాఠాలకు పొట్టిమాటలు పెట్టుకోవడం మానేసి, ఒక షార్ట్‌కట్ కీ నొక్కితే తెరుచుకునే వెతుకుడు పెట్టెలో నుంచి పాఠాన్ని ఎంచుకుంటున్నాను. పేజీలో కొట్టిన పొట్టిమాట అంటూ లేనప్పుడు చెరపవలసిందీ లేదు. మూడు మెట్లలో ఒకటి మొత్తంగా పోయింది. ఒక క్షణం ఎక్కువ పడుతుంది, నిజమే. ఆ క్షణం నాకు చవకగానే అనిపించింది.

ఇక రాయడం. నా ఖాతా వివరాల కథ ఇక్కడిదే.

పొడవైన పాఠాలకు చాలా ఎక్స్‌పాండర్లు క్లిప్‌బోర్డు పద్ధతినే వాడుతాయి, ఎందుకంటే వెయ్యి అక్షరాలను ఒక్కొక్కటిగా కొట్టడం కంటే ఒక్కసారి పేస్ట్ చేయడం వేగం. అయితే క్లిప్‌బోర్డులో అప్పటికే మీరు కాపీ చేసుకున్నది ఏదో ఉంటుంది. మర్యాదస్తురాలైన ఎక్స్‌పాండర్ దాన్ని పక్కన దాచి, తన పాఠాన్ని అక్కడ పెట్టి, పేస్ట్ కీలు పంపి, కొద్ది మిల్లీసెకన్లు ఆగి, మీ పాత సరుకును యథాస్థానంలో పెడుతుంది. ఈ మర్యాదలోనే ప్రమాదం ఉంది. పేస్ట్ కీ పంపడం వేరు, అవతలివారు క్లిప్‌బోర్డును చదవడం వేరు. నోట్‌ప్యాడ్ వంటి చిన్న ప్రోగ్రాములో ఈ రెంటి మధ్య దూరం దాదాపు సున్నా. బ్రౌజర్‌లో అలా కాదు. 2008లో వచ్చిన క్రోమ్ మొదటి నుంచీ పేజీలను వేరే ప్రాసెసుల్లో, అంటే విడివిడిగా నడిచే ప్రోగ్రాముల్లో, నడుపుతున్నది. ఫైర్‌ఫాక్స్ 2016లో 48వ వెర్షన్‌తో ఆ దారి పట్టింది. ఒక పేజీ కూలితే బ్రౌజర్ మొత్తం కూలకుండా ఉండడానికీ, భద్రతకూ ఇది మంచి ఏర్పాటు. కానీ దీనివల్ల మీరు నొక్కిన కీ ముందు బ్రౌజర్ ప్రధాన ప్రాసెసుకు వెళ్లి, అక్కడి నుంచి పేజీ ప్రాసెసుకు కబురుగా చేరి, పేజీలోని జావాస్క్రిప్ట్ దాన్ని చూసి వదిలాక గాని పేస్ట్ జరగదు. పేజీ అప్పటికే ఏదో బరువైన పనిలో ఉంటే ఆ కబురు వరసలో నిలబడుతుంది. ఈలోగా ఎక్స్‌పాండర్ ఆగవలసినంత ఆగానని అనుకుని పాత సరుకును వెనక్కి పెట్టేస్తుంది. ఆ తరువాత తీరిగ్గా బ్రౌజర్ వచ్చి క్లిప్‌బోర్డును చదువుతుంది. దానికి దొరికేది మీ పాత కాపీ.

ఈ తప్పు అన్ని సైట్లలో కాక బరువైన సైట్లలోనే ఎందుకు వస్తుందో, రోజంతా కాక అప్పుడప్పుడే ఎందుకు వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఎక్స్‌టెన్షన్లు ఆపేస్తే నాకు రెండు రోజులు ఎందుకు నయమైందో కూడా తెలుస్తుంది: వాటిలో ఏదీ దోషి కాదు, పేజీ కాస్త తేలికపడింది, అంతే. ఇక్కడ మాత్రం ఆలస్యం పెంచడం సరైన మందే, కానీ ఏ ఆలస్యం అన్నది చూసుకోవాలి. చాలామంది కీ నొక్కుల మధ్య ఆలస్యాన్ని పెంచుతారు. దానివల్ల టైపింగ్ నత్తనడక అవుతుంది తప్ప క్లిప్‌బోర్డు గొడవ తీరదు. పెంచవలసినది పేస్ట్ చేసిన తరువాత పాత సరుకును తిరిగి పెట్టే ముందు ఆగే వ్యవధి. ఎస్పాన్సో వంటి ఎక్స్‌పాండర్లు దీన్ని విడిగా, అదీ ఒక్కొక్క అప్లికేషన్‌కు వేరుగా పెట్టుకోనిస్తాయి. అయినా అది పందెమే, ఎందుకంటే ఎంత ఆలస్యం పెట్టినా దాన్ని మించి నిదానించే పేజీ ఒకటి ఎప్పుడో ఎదురవుతుంది. అందుచేత బ్రౌజర్ వరకు నేను పాత సరుకును తిరిగి పెట్టే మర్యాదనే ఆపేశాను. పేస్ట్ ఎంత ఆలస్యంగా జరిగినా అది నా పేరాయే అవుతుంది. దీనికి బదులుగా పోయేది నేను కాపీ చేసుకున్న పాత ముక్క. అది పోతే మళ్లీ కాపీ చేసుకోవచ్చు, ఒకరి వివరాలు మరొకరికి వెళితే వెనక్కి తెచ్చుకోలేను.

క్లిప్‌బోర్డు వద్దనుకుని అక్షరం అక్షరంగా కొట్టించే పద్ధతికి మారితే గొడవలు పోతాయా అంటే, పోవు, వేషం మారుస్తాయి. వెబ్‌లోని కోడ్ ఎడిటర్లు కుండలీకరణం తెరవగానే మూసే గుర్తును తామే చేరుస్తాయి. మీ పాఠంలో కూడా అది ఉంటుంది కనుక కొన్ని చోట్ల రెండేసి కనిపిస్తాయి. కొత్త వరస మొదలవగానే ఎడిటర్ పై వరసకు తగినంత ఖాళీ వదులుతుంది, మీ పాఠంలోని ఖాళీ దానికి కలుస్తుంది, చివరకు పది వరసల పాఠం మెట్లలాగా కుడివైపుకు జారుతూ పోతుంది. అన్నిటికంటే ఇబ్బందికరమైనది చాట్ పెట్టె. మీ పాఠంలో వరస మార్పు ఉంటే ఎక్స్‌పాండర్ ఎంటర్ కీ పంపుతుంది, చాట్ పెట్టెకు ఎంటర్ అంటే పంపించమని అర్థం. ‘నమస్కారం’ అన్న మొదటి వరస ఒక సందేశంగా, మిగతా పేరా ఇంకో సందేశంగా వెళ్లిపోతాయి. నేను ఒకసారి ఇలా ఏడు వరసల వివరణను ఏడు సందేశాలుగా పంపాను. అవతలి వ్యక్తి నాకు కోపం వచ్చిందనుకున్నారట. కాబట్టి నా పద్ధతి ఇది: ఒక్క వరసలో ఉండే చిన్న పాఠాలను కొట్టించడం, వరసలు మారే పాఠాలను పేస్ట్ చేయించడం.

వినడం దగ్గర తప్పితే గుర్తు మరీ స్పష్టం. ఏమీ జరగదు, పొట్టిమాట పొట్టిమాటగానే మిగిలిపోతుంది. మాక్‌లో దీనికి పేరుమోసిన కారణం సెక్యూర్ ఇన్‌పుట్. పాస్‌వర్డ్ గడిలో కర్సర్ ఉన్నప్పుడు బ్రౌజర్ దీన్ని ఆన్ చేస్తుంది, ఆ సమయంలో వేరే ప్రోగ్రాములేవీ కీలను వినలేవు. గడి నుంచి బయటకు రాగానే అది ఆగిపోవాలి. కొన్నిసార్లు ఆగదు, ఏదో ట్యాబ్‌లో తెరిచి మరచిపోయిన లాగిన్ పేజీ కారణంగా మొత్తం కంప్యూటరులో ఎక్స్‌పాండర్ చెవిటిదవుతుంది. విచిత్రం ఏమిటంటే, అప్పుడు మీరు వేరే ప్రోగ్రాములో రాస్తుంటారు, అక్కడ పొట్టిమాట పనిచేయదు, బ్రౌజర్ మీదకు అనుమానమే పోదు. నేను మూడు రోజులు ఎక్స్‌పాండర్ అనుమతులను తీసి పెట్టి, పెట్టి తీసి గడిపాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో, సిస్టమ్ లోపలి వివరాలను చూపించే ఐఓరెగ్ ఆదేశం ఇచ్చి సెక్యూర్ ఇన్‌పుట్ అన్న మాట కోసం వెతికితే, దాన్ని పట్టుకుని కూర్చున్న ప్రాసెస్ సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య నా బ్రౌజర్‌ది. పాస్‌వర్డ్ గడిలో ఒకసారి క్లిక్ చేసి బయటకు రావడం, ఆ ట్యాబ్ మూయడం, అప్పటికీ వదలకపోతే బ్రౌజర్‌ను పూర్తిగా ముగించి మళ్లీ తెరవడం సరిపోతాయి.

విండోస్‌లో విస్టా కాలం నుంచీ, అంటే 2007 నుంచీ, తక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రాము ఎక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రాములోకి కీలు పంపలేదు. ఎవరైనా బ్రౌజర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే అందులో పొట్టిమాటలు పనిచేయవు. దీనికి విరుగుడుగా ఎక్స్‌పాండర్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని చెప్పేవారున్నారు, నేను మాత్రం బ్రౌజర్‌ను మామూలుగా తెరవమంటాను. ఇంకొక చిత్రం ఉంది. కీబోర్డు హుక్ తనకు ఇచ్చిన గడువులోగా పదే పదే జవాబు ఇవ్వకపోతే, విండోస్ 7 నుంచీ సిస్టమ్ దాన్ని ఆ ప్రోగ్రాముకు కూడా తెలియకుండా తీసేయవచ్చు. ఎక్స్‌పాండర్ గుర్తు మూలన వెలుగుతూనే ఉంటుంది, దానికి ఏమీ వినిపించదు. బ్రౌజర్ కంప్యూటరును ఊపిరాడకుండా చేసిన సమయంలో ఇది జరిగితే తప్పు బ్రౌజర్‌దిగా కనిపిస్తుంది; బ్రౌజర్‌ను ఎన్నిసార్లు మూసి తెరిచినా లాభం ఉండదు, ఎక్స్‌పాండర్‌ను మూసి తెరిస్తే క్షణంలో సరిపోతుంది. లినక్స్‌లో ప్రోగ్రాముల కిటికీలను తెర మీద చూపే కొత్త ఏర్పాటైన వేలాండ్ పద్ధతి ఒక ప్రోగ్రాముకు ఉద్దేశించిన కీలను మరొకటి వినడాన్ని అసలే ఒప్పుకోదు, దానికి ముందున్న ఎక్స్11 లో అందరూ అన్నీ వినవచ్చు. సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు పొట్టిమాటలు మూగబోతే ముందు చూడవలసింది అదే.

ఈ అడ్డుగోడల మీద విసుక్కునేవారిని చూస్తుంటాను. నాకూ విసుగు వస్తుంది, కానీ న్యాయం గోడల వైపే ఉంది. ప్రతి కీనీ వినే ఎక్స్‌పాండర్‌కూ, పాస్‌వర్డులు దొంగిలించడానికి కీలు వినే ప్రోగ్రాముకూ పనితీరులో తేడా లేదు. తేడా ఉద్దేశంలోనే ఉంది, ఉద్దేశాన్ని కొలిచే పరికరం ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర లేదు. పొట్టిమాట పనిచేయడం కోసం భద్రతను సడలించమనే సలహా ఏదైనా సరే, నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

అయితే బ్రౌజర్‌లోనే ఎక్స్‌టెన్షన్‌గా ఉండే ఎక్స్‌పాండర్ వాడవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అది చీకట్లో టైపు చేయదు, గడిలో ఏముందో చూడగలదు, బ్యాక్‌స్పేసులు లెక్కపెట్టుకోనక్కరలేదు. కానీ అడ్రసు బార్‌లోకి అది రాలేదు, బ్రౌజర్ సొంత సెట్టింగుల పేజీల్లోకి రాలేదు, మీరు చదివే అన్ని పేజీలనూ చూసే అనుమతి అడుగుతుంది. పైగా నేటి సైట్లలో చాలావాటికి తెర మీద కనిపించేది ఒకటి, తమ లెక్కలో ఉంచుకున్నది ఇంకొకటి. ఎక్స్‌టెన్షన్ గడిలో పాఠాన్ని నేరుగా పెట్టి, ఇన్‌పుట్ జరిగిందన్న కబురు పేజీకి సరిగా పంపకపోతే, గడి నిండుగా కనిపిస్తుంది, సమర్పించగానే ‘ఈ గడి ఖాళీగా ఉంది’ అని ఎరుపు రంగులో హెచ్చరిక వస్తుంది. గూగుల్ డాక్స్ 2021లో పత్రాన్ని కాన్వాస్ మీద, అంటే బొమ్మలా, గీసే పద్ధతికి మారుతున్నట్టు ప్రకటించింది. అలాంటి చోట ఎక్స్‌టెన్షన్‌కు పట్టుకోవడానికి మామూలు గడి అంటూ ఉండదు. విచిత్రంగా, అక్కడ చీకటి గుమాస్తాయే నయం. ఏది వాడినా ఒక్కటే వాడాలి. రెండూ ఒకేసారి నడుస్తుంటే ఇద్దరూ ఒకే పొట్టిమాటను విని, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చెరిపి, ‘నమస్కానమస్కారం’ వంటి మాటలు పుట్టిస్తారు. అది చూసి వైరస్ అనుకున్నవారు నాకు తెలుసు.

ఇప్పుడు గొడవ వస్తే నేను సెట్టింగుల జోలికి వెళ్లను. అదే పొట్టిమాటను ముందు నోట్‌ప్యాడ్‌లో, తరువాత ఏదైనా తేలికపాటి పేజీలోని వెతుకుడు పెట్టెలో, చివరకు గొడవ చేసిన పేజీలో కొట్టి చూస్తాను. నోట్‌ప్యాడ్‌లోనే పనిచేయకపోతే అది వినికిడి సమస్య, బ్రౌజర్ సెక్యూర్ ఇన్‌పుట్‌ను పట్టుకుని ఉండటం వంటివి మినహాయిస్తే ఆ పేజీకి దానితో సంబంధం లేదు. తేలికపాటి పేజీలో పనిచేసి బరువైన పేజీలో తప్పితే క్లిప్‌బోర్డునో, ఆ పేజీ ఎడిటర్‌నో అనుమానిస్తాను; క్లిప్‌బోర్డులో ముందుగా ‘వంకాయ’ వంటి అసందర్భపు మాట ఒకటి కాపీ చేసి ఉంచితే, పాఠం స్థానంలో వంకాయ రాగానే దొంగ దొరికినట్టే. ఎక్స్‌టెన్షన్ల మీద అనుమానం మిగిలితే ప్రైవేటు విండోలో చూస్తాను, ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప అక్కడ అవి నడవవు కనుక. ఇదంతా రెండు మూడు నిమిషాల పని.

ఒక్క చోట మాత్రం నాకు ఇప్పటికీ తెగలేదు. రోజూ తెరవవలసిన ఒక ఫారంలో, వరసలు మారే పాఠం పేస్ట్ చేస్తే మొదటి వరస మాత్రమే నిలిచి మిగతావి మాయమవుతాయి, కొట్టిస్తే ఎంటర్ దగ్గర ఫారం సమర్పణ అయిపోతుంది. వినడం, చెరపడం రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆ గడి ఒక్క వరసకే ఉద్దేశించినది, దానిలో పేరా పెట్టమని అడిగే నియమమే తప్పు. ఆ ఫారం కోసం అదే పాఠాన్ని వరస మార్పులు లేకుండా ఇంకొక పొట్టిమాటగా రాసుకున్నాను. దాని పేరు ‘;ఒకటే’.